కనపడని మొక్కల లెక్క

మా అక్క ఎవరినీ నమ్మదు. ఇది నేను చాటుగా చెప్పే చాడీ కాదు, అడిగితే ఆవిడే గొప్పగా చెప్పుకుంటుంది. తాళం వేశాక లాగి చూసుకోవడం లోకంలో అందరూ చేసేదే. మా అక్క తను లాగి చూశాక బావ చేత లాగిస్తుంది, బావ సరిగ్గా లాగాడో లేదోనని మళ్లీ తనే లాగుతుంది. బావకి మందుల షాపుంది. సొంత మొగుడు సొంత షాపులోంచి తెచ్చిన తలనొప్పి మాత్రని కూడా అక్క కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని, గడువు తేదీ చదివాకగానీ మింగదు. "మీ అక్క నన్ను చేసుకునే ముందు నా వీపు మీద కూడా తేదీ వెతికే ఉంటుందిరా" అంటాడు బావ. ఆయన నవ్వుతూనే అంటాడు. అక్క మాత్రం నవ్వదు.

ఇలాంటి మనిషికి దేవుడు లెక్కలు చూసే ఉద్యోగమే ఇచ్చాడు. అక్క పనిచేసేది మొక్కల పరిశోధనా కేంద్రంలో. ఊరి చివర కొండవాలు మీద ఒక మొక్క ఉంది. దానికి నోరు తిరగని శాస్త్రీయ నామం ఒకటి ఏడ్చింది గానీ, ఆఫీసులో అందరూ రాణిగారనే అంటారు. నేలలో వేలెడంత దుంప, పైన ఒకటో రెండో ఆకులు, వానలు వెనకబట్టాక సన్నటి కాడ మీద ఊదారంగు పూలు. ఆ వాలు మీద తప్ప ఇంకెక్కడా అది బతకదు. కుండీల్లో పెంచుదామని తెచ్చిన ప్రతిసారీ దుంప కుళ్లిపోయింది.

అక్క పని ఏమిటంటే, ఆ రాణిగారి సంతతి పెరుగుతోందా తరుగుతోందా అని ఏటా తేల్చడం. ప్రతి మొక్క పక్కనా నంబరు కొట్టిన చిన్న రేకు బిళ్లని తీగకి కట్టి నేలలో గుచ్చుతారు. దాన్నే ట్యాగు అంటారు. పూల కాలంలో మనుషులు వాలంతా తిరిగి, ఏ నంబరు మొక్క పిల్లగానే ఉంది, ఏది ఎదిగింది, ఏది పూసింది, ఏది పోయింది అని రాసుకొస్తారు. ఆ లెక్కని పట్టుకుని రాబోయే సంవత్సరాల్లో ఏమవుతుందో గుణించుకుంటూ పోవాలి. ఇన్నాళ్లూ అక్క ఆ గుణకారాలన్నీ తనే చేసేది. చేసిన ప్రతిసారీ గీత కిందికే పోయేది.

ఈసారి మాత్రం వ్యవహారం పీకల మీదకొచ్చింది. ఆ వాలు మీద మంచినీళ్ల ట్యాంకు కట్టాలని కొందరు పెద్దలు అడిగారు. డైరెక్టరు గారు అక్కని పిలిచి, "ఎలాగూ తరిగిపోతున్న మొక్క కదా, దుంపలన్నీ తవ్వి అద్దాల గదిలోకి తెచ్చేద్దాం. కానీ చేత్తో వేసిన లెక్క చూపిస్తే పై వాళ్లు ఒప్పుకోరు. ఒక మంచి సాఫ్ట్‌వేరు ఎంచుకోండి, అందులో కూడా గీత కిందికే పోతే తవ్వకం మొదలుపెట్టిద్దాం" అన్నారు. తవ్వకమంటే కుళ్లడమేనని అక్కకి తెలుసు. డైరెక్టరు గారికీ తెలుసు. తెలిసీ అడుగుతున్నారంటే దీని వెనక ఏదో ఉందని అక్క ఆ రోజే తీర్మానించేసింది.

ఇందులోకి నన్నెందుకు లాగిందంటే, నాకు కంప్యూటర్ల రిపేరు దుకాణం ఉంది కాబట్టి. నాకు మొక్కల గురించి తెలిసింది, పోస్తే నీళ్లు కావాలి, పొయ్యకపోతే చస్తాయి అన్నంత వరకే. అదే చెప్పాను.

"నాకు కావలసింది మొక్కలు తెలిసినవాడు కాదురా. అబద్ధం పట్టేవాడు" అంది అక్క.

"నేనెప్పుడు పట్టాను?"

"కంప్యూటరు కింద పడలేదని జనం చెబితే నువ్వు నమ్ముతావా? మూత తెరిచి చూస్తావు కదా. అలాగే వీటి మూతలు తెరవాలి."

మొదటి సాఫ్ట్‌వేరు ఒక కంపెనీది. దాన్ని అమ్మేవాడు మెడకి బిగించిన టైతో, చెవుల దాకా నవ్వుతో వచ్చాడు. మేం వాడికి టైబాబు అని పేరు పెట్టుకున్నాం. వాడు అక్క గదిలో ల్యాప్‌టాప్ తెరిచి, ఏటేటి లెక్కలు అందులో పోసి, ఒక బొత్తాం నొక్కాడు. తెర మీద రంగురంగుల గీతలు పుట్టుకొచ్చి, నున్నగా జారుడుబల్ల మీద పిల్లాడిలా కిందికి జారి నేలకి తగిలాయి.

"ఇక మీరేమీ చెయ్యక్కర్లేదు మేడం. అంతా అదే చూసుకుంటుంది" అన్నాడు టైబాబు.

వాడు ఇంకేమన్నా అని ఉంటే అక్క కొనేదేమో. మీరేమీ చెయ్యక్కర్లేదు అన్నాడు చూశారూ, అక్కడ వాడి పని అయిపోయింది. వాడు గుమ్మం దాటగానే అక్క తలుపేసి నా వైపు తిరిగింది.

"గీత అంత నున్నగా ఉంటే దాన్ని ఎవడో ముందే తోమిపెట్టాడన్నమాట. వాడు డైరెక్టరు గారి బావమరిది అయ్యుంటాడు. వెళ్లి కనుక్కో."

దుకాణం మూసుకుని నేను వెళ్లాను, నా ఖర్మ. టైబాబు ఆఫీసు ఒక బట్టలుతికే షాపు మీద ఇరుకు గది. మడతకుర్చీలు రెండు, ఎండిపోయిన నీళ్ల సీసా ఒకటి. టైబాబు టై ఊడదీసి, బూట్లు విప్పి, డబ్బాలోని అన్నం ఒక్కడే కూర్చుని తింటున్నాడు. నన్ను చూసి కంగారుగా కాళ్లు బూట్లలో దూర్చాడు. డైరెక్టరు గారిని మొన్న అక్క గదిలోకి వెళుతూ వరండాలోనే మొదటిసారి చూశాడట. నేను అటూ ఇటూ తిప్పి అడిగాను, గుచ్చి గుచ్చి అడిగాను. ఆఖరికి వాడు గొంతు తగ్గించి ఒక నిజం చెప్పాడు.

"ఎవరితో అనకండి సార్. ఇది అసలు చేపల చెరువుల కోసం చేసింది. చేపల వాళ్లు కొనడం మానేశారు. మొక్కలైనా ప్రాణమే కదా అని మా బాసు పేరు మార్చాడు."

అక్కకి చెబితే, "చూశావా! నేనన్నానా లేదా!" అని ఎగిరి గంతేసినంత పని చేసింది. బావమరిది కాదు కదా అంటే మాత్రం వినిపించుకోలేదు. ఒక అనుమానం తప్పయితే ఆవిడ దాన్ని పారెయ్యదు, ఇంకో అనుమానానికి తోడుగా ఉంచుకుంటుంది.

రెండోది ఎక్కడో పెద్ద విశ్వవిద్యాలయం వాళ్లు ఊరికే ఇస్తున్న సాఫ్ట్‌వేరు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అన్నీ మనమే టైపు చేసుకోవాలి. నాకు నచ్చింది. అక్క పెదవి విరిచింది.

"ఊరికే ఎందుకిస్తున్నారు?"

"చదువుకున్నవాళ్లు, నలుగురికీ పనికొస్తుందని ఇస్తున్నారు."

"నువ్వు ఎవరికైనా ఊరికే రిపేరు చేశావా?"

"నీకు చేస్తున్నానుగా!"

"అందుకే నీ మీద కూడా ఒక కన్నేసి ఉంచాను" అంది. అది హాస్యమో నిజమో ఈ రోజుకీ నాకు తెలియదు.

మూడోది ఎప్పుడో రిటైరయిన ఒక ప్రొఫెసరు సొంతంగా రాసుకున్నది. వెలిసిపోయిన బూడిదరంగు కిటికీ, వంకర అక్షరాలు. అడుగు తీసి అడుగు వెయ్యనివ్వదు, అన్నీ ప్రశ్నలే. లెక్క ఎవరు పెట్టారు? ఒకే మనిషి పెట్టాడా? వానలో పెట్టాడా, ఎండలో పెట్టాడా? ఒక మొక్క కనపడకపోతే చనిపోయిందని ఎలా తెలుసు? ఆ ఆఖరి ప్రశ్న దగ్గర అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇదేమిటి, నన్నే నిలదీస్తోంది? తెలుసు కాబట్టే రాశాను. మూసెయ్ దాన్ని."

మూసేశాను. కానీ ఒక్క మాట చెప్పక తప్పదు. ఆ ప్రొఫెసరు ఎవరో గానీ, మా అక్కకి స్వయానా అన్నయ్యలా ఉన్నాడు.

మీటింగు దగ్గరపడుతోంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించాలంటే జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటి కావాలంది అక్క. మొక్కల జవాబు ఎవరికీ తెలియదు. "తెలిసినవాళ్ల లెక్క వేద్దాం" అంది. ఆదివారం మధ్యాహ్నం బావని వెంటబెట్టుకుని నా దుకాణానికి ఒక పాత ఆల్బమ్ మోసుకొచ్చింది.

మా తాతయ్య పుట్టినరోజుకి ఏటా ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి ఫోటో తీయించుకునేవాళ్లం. ఫోటోలో ఉన్నవాళ్లు ఉన్నట్టు, లేనివాళ్లు పోయినట్టు. చంకలో పిల్లలు, బడి పిల్లలు, పెద్దవాళ్లు, ముసలివాళ్లు అని అక్క మా వంశాన్ని నాలుగు గళ్లలో పోసింది. నేను ఆవిడ చెప్పింది చెప్పినట్టు టైపు చేశాను. బావ ఎదురు కుర్చీలో కూర్చుని, "నన్ను ఏ గడిలో వేశారు?" అని అడిగాడు. ముసలివాళ్లలో అంటే అలిగాడు.

టైబాబు వాడి చూడమని ఇచ్చి వెళ్లిన సాఫ్ట్‌వేరు మొదట బాగానే నడిచింది. మధ్యలో చిన్నాన్న దగ్గర కథ అడ్డం తిరిగింది. ఒక ఏడు ఫోటో తీసినప్పుడు చిన్నాన్నని వరస చివర నిలబెట్టారు, సగం మొహం కోసుకుపోయింది. ఆయనకి మూతి ముడుపెక్కువ. ఆ కోపంతో తర్వాతి ఏడు ఫోటోకి రాలేదు, ఆ పై ఏడూ రాలేదు. మూడో ఏడు ఎవరో బతిమాలితే వచ్చి మధ్యలో నిలబడ్డాడు. సాఫ్ట్‌వేరు ఏం చేసిందంటే, అలిగిన ఏడే చిన్నాన్నని చంపేసింది. తిరిగొచ్చిన ఏడు, కొత్తగా వచ్చినవాళ్లంటే పుట్టినవాళ్లే కదా అని ఆయన్ని చంకలో పిల్లల గడిలో వేసింది.

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్కడికక్కడే ఫోన్ తీసి, "చిన్నమామగారూ, మీరు పోయి మళ్లీ పుట్టారట, పాలు పంపమంటారా?" అన్నాడు. అవతల ఆయన తిట్లు దుకాణమంతా వినపడ్డాయి.

నల్లతెర సాఫ్ట్‌వేరు ఆ మాత్రం కూడా చెయ్యలేదు. ఇంత పెద్ద మనిషి పోయినేడు లేకుండా ఇప్పుడెక్కడి నుంచి ఊడిపడ్డాడని ఎర్రటి అక్షరాలతో అడిగి ఆగిపోయింది. దీనికి సమాధానం చెప్పలేకపోతే ఆ పేరు తీసేసి ముందుకెళ్లమని కింద ఇంకో వరస చూపించింది.

"తీసేస్తే ముందుకెళుతుందటక్కా. తీసెయ్యనా?" అన్నాను.

తల తిప్పి చూస్తే ఆవిడ మొహం పాలిపోయి ఉంది. మా అక్కని నేను కోపంగా చూశాను, చిరాగ్గా చూశాను. భయపడగా చూడడం అదే మొదలు.

"నేను కూడా అదే చేశాన్రా" అంది.

నెమ్మదిగా చెప్పుకొచ్చింది. వాలు మీద లెక్కపెట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఎండైనా వానైనా నల్లగొడుగు వెయ్యనిదే కదలడు కాబట్టి ఆఫీసులో గొడుగాయన అంటారు. ఈయన వాలు ఎక్కకుండా నీడలో కూర్చుని, ఇవి ఉన్నాయి, అవి పోయాయి అని నోటికొచ్చింది రాసేస్తున్నాడేమోనని అక్కకి ఉద్యోగంలో చేరిన కొత్తలో అనుమానం వచ్చింది. అందుకని ఒక రూలు పెట్టింది. మొక్క లేదని రాస్తే, దాని ట్యాగు పీకి తెచ్చి నా బల్ల మీద పెట్టాలి. వెళ్లినట్టు అదే సాక్ష్యం. ఆ రూలు గురించి అక్క ఇన్నేళ్లూ మా దగ్గర గొప్పలు చెప్పుకుంటూనే ఉంది.

"ఒకవేళ రాణిగారు కూడా చిన్నాన్నలా అలిగి ఒక ఏడు పైకి రాకుండా ఉంటే? దుంప లోపలే ఉండి, మరుసటి ఏడు లేస్తే?"

"లేస్తే ట్యాగు చూసి గుర్తుపడతారు కదా."

"ట్యాగేది? నేను పీకించేశానుగా. అక్కడ పెద్ద మొక్క ట్యాగు లేకుండా నిలబడి ఉంటుంది. నిరుడు ఇది లెక్కలో లేదు, అంటే నిరుడు సరిగ్గా చూడలేదన్నమాట అని నేను గొడుగాయన మీద మండిపడతాను. దానికి కొత్త ట్యాగు కట్టించి, అనుమానం ఉన్న వాటి కింద పక్కన పెట్టేస్తాను. గుణకారంలోకి రానివ్వను." "పోయినవన్నీ లెక్కలోకి వచ్చాయి. తిరిగొచ్చినవి ఏవీ రాలేదు. గీత కిందికి పోక ఎటు పోతుందిరా?"

బావ నవ్వడం ఎప్పుడో ఆపేశాడు. నేను బూడిదరంగు కిటికీ మళ్లీ తెరిచాను. కనపడని మొక్క చనిపోయిందని ఎలా తెలుసు అనే ప్రశ్న దగ్గర అది ఇంకా కాచుకుని ఉంది. అక్క కుర్చీ ముందుకి జరుపుకుని, తెలియదు అన్న చోట నొక్కింది. చిన్నాన్నని ఆ సాఫ్ట్‌వేరు చంపలేదు. ఆ రెండేళ్లూ కనపడలేదని మాత్రం రాసుకుని, తిరిగి రాగానే పెద్దవాళ్ల గడిలోనే నిలబెట్టింది. తర్వాత అక్క రాణిగారి లెక్కంతా, పక్కన పెట్టిన వాటితో సహా, అందులో పోసింది. సన్నటి గీత రాలేదు. లావుపాటి పట్టీ ఒకటి వచ్చింది. దాని పై అంచు ఎదుగుతోంది, కింది అంచు పడిపోతోంది. రాణిగారు నిలబడొచ్చు, నశించొచ్చు, నీ లెక్కతో ఇంతకంటే చెప్పలేనని దాని అర్థం.

మీటింగుకి నన్ను కూడా రమ్మంది, కంప్యూటరు పట్టుకోవడానికి. పొడుగాటి బల్లకి ఆ చివర డైరెక్టరు గారు, ఈ చివర తన సరుకు అమ్ముడవుతుందన్న ఆశతో వచ్చిన టైబాబు. ఏది ఎంచుకున్నారని డైరెక్టరు గారు అడగ్గానే అక్క లేచి నిలబడింది. నీళ్లు నమలలేదు. ట్యాగులు పీకించిన సంగతి, తిరిగొచ్చిన మొక్కల్ని పక్కన పెట్టిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇన్నేళ్లూ తనిచ్చిన రిపోర్టులన్నీ వెనక్కి తీసుకుంటున్నానంది.

డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"గీత కిందికి పోతోందని ఏటా మీరే కదమ్మా ఇచ్చారు. మీరు అంత పట్టి పట్టి చూసే మనిషి కాబట్టి నేను మళ్లీ చూడలేదు. మీ మాట మీదే ట్యాంకుకి సరేనన్నాను."

ఆ మాటకి అక్క తల దించుకుంది. ఇన్ని రోజులూ ఆ మనిషి వెనక ఎవరున్నారా అని మేం వెతికాం. ఆయన వెనక ఉన్నది అక్కే.

"మరి ఈ పట్టీ పట్టుకుని నన్ను ఏం నిర్ణయించమంటారు?" అన్నారాయన.

"తవ్వొద్దని నిర్ణయించండి సార్. తవ్వితే ఇక తెలుసుకోవడానికి ఏమీ మిగలదు."

తవ్వకం ఆపారు. ట్యాంకుకి పక్క వాలు చూడమని రాస్తానన్నారు, ఒప్పుకుంటారో లేదో హామీ లేదన్నారు. మూడో సాఫ్ట్‌వేరే వాడాలనీ, పాత లెక్కల్లో పనికొచ్చేవేవో కానివేవో అక్కే ఏరి ఇవ్వాలనీ తేలింది. టైబాబు వెళ్లిపోతూ నా దగ్గర ఆగి, "నా మాట బయటపెట్టనందుకు థాంక్స్ సార్" అన్నాడు. పాపం వాడి మీద నాకు జాలేసింది.

ఏరడానికి సాఫ్ట్‌వేరు అక్కని ఒకే ఒక సంగతి అడిగింది. పోయాయని రాసిన వాటిలో, నిజంగా పోయినవి ఎన్ని, కనపడకుండా దాక్కున్నవి ఎన్ని? అది తెలిసిన మనిషి ఒక్కడే. మేం వెళ్లేసరికి గొడుగాయన ఆఫీసు వెనక మెట్ల మీద కూర్చుని ట్యాగుల తీగలు సాఫు చేస్తున్నాడు. అక్కని చూసి లేవబోయాడు.

"కూర్చోండి పెద్దాయనా. ఒక్క సంగతి చెప్పండి. మీరు ట్యాగు పీకినప్పుడు అక్కడ నిజంగా ఏమీ ఉండేది కాదా?"

ఆయన నా వైపు చూశాడు, మళ్లీ అక్క వైపు చూశాడు. దీనికి కూడా సాక్ష్యం అడుగుతుందేమోనని కాబోలు.

"ఒక్కోసారి ఉండేదేమో మేడం. గడ్డి ఏపుగా ఉన్నచోట చేత్తో తడిమితే మెత్తగా ఏదో తగిలేది. రాణిగారి ఆకో, గడ్డి ఆకో తెలిసేది కాదు."

"మరి అదే వచ్చి చెప్పొచ్చు కదా!"

"మొదట్లో చెప్పాను మేడం. ఉందేమో అన్నాను. ఏమో అన్నావంటే నువ్వు వెళ్లనే లేదన్నమాట అన్నారు మీరు." ఆయన తీగ చివర వంకర తీస్తూ మాట్లాడాడు. "ఈ వయసులో మళ్లీ మళ్లీ దొంగనని అనిపించుకోవడం ఎందుకని, సందేహం వచ్చిన ప్రతిచోటా పీకేసి తెచ్చాను."

"అలాంటివి ఎన్ని ఉంటాయి?"

"లెక్కపెట్టలేదు మేడం."

ఎందుకు పెట్టలేదని అక్క విరుచుకుపడుతుందేమోనని నేను ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. అక్క కొంగు దగ్గరకి తీసుకుని, మెట్టు మీద ఆయన పక్కనే కూర్చుంది.

"మీరు పెట్టకపోవడమేం లేదు" అంది. "నేను పెట్టనివ్వలేదు."